ఎండ కాని దాహం

దోహాలో జూలై. పగలు నలభై అయిదు డిగ్రీలు. ఇషా అజాన్ అయ్యాక గానీ మా చిట్టిని బయటికి తీసుకెళ్ళలేం. అది పదేళ్ళ డాషండ్. రోజుకి రెండు గిన్నెల నీళ్ళు తాగేది కాస్తా నాలుగు గిన్నెలకి వచ్చింది. ఫోన్లో అమ్మకి చెబితే, "ఆ ఎడారిలో ఏ జీవికైనా దాహమేరా నాయనా" అంది. నిజమే అనుకున్నాను.

పొట్ట పెరిగింది. ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టు చూసేది. బాగా తిని ఒళ్ళు చేసిందని మురిసిపోయాం. హాల్లో కార్పెట్ తడిపినప్పుడు మాత్రం గట్టిగా కసిరాను. తల దించుకుని సోఫా కిందకి దూరింది.

ఒక అర్ధరాత్రి మెలకువ వచ్చింది. ఏసీ 22 మీద ఉంది. నేను దుప్పటి కప్పుకుని ఉన్నాను. చిట్టి మాత్రం నాలుక బయటపెట్టి వగరుస్తోంది. ఈ గదిలో ఎండ ఎక్కడిది?

పరీక్షలయ్యాక డాక్టర్ చెప్పిన పేరు కుషింగ్స్ సిండ్రోమ్. అమెరికన్ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ 1932లో మనుషుల్లో వివరించిన జబ్బు. కుక్కల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. ఎంత చెయ్యాలో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ చెబుతుంది. సరిపడా తయారైతే, ఏసీలో థర్మోస్టాట్ లాగా, అది ఊరుకోవాలి. ఈ జబ్బున్న కుక్కల్లో నూటికి ఎనభైకి పైగా పిట్యూటరీలో చిన్న కణితి ఉంటుంది. అది ఊరుకోదు. మిగతావాటిలో ఎక్కువగా కణితి అడ్రినల్‌లోనే ఉంటుంది. ఎలర్జీకని నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినా ఇవే లక్షణాలు వస్తాయి. అలాగని వాటిని ఉన్నట్టుండి మానెయ్యకూడదు.

చిట్టికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఎనిమిది గంటల్లో మూడుసార్లు రక్తం తీశారు. ఆరోగ్యంగా ఉంటే ఆ మందుకి కార్టిసాల్ తగ్గాలి. తగ్గలేదు.

కార్టిసాల్ మితిమీరితే కండ కరిగిపోతుంది. పొట్ట కండరాలు సడలి, కాలేయం పెరిగి, కొవ్వు లోపలికి చేరి పొట్ట జారుతుంది. మేం మురిసిన ఒళ్ళు అదే! చర్మం పలచబడుతుంది, డొక్కల దగ్గర జుట్టు రాలుతుంది. మూత్రం చిక్కబడక నీళ్ళలా పోతుంది. పోయిన నీళ్ళ కోసమే ఆ దాహం. కార్పెట్ పాడవుతుందని నీళ్ళ గిన్నె తీసేస్తే ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు తిండితో పాటు ట్రైలోస్టేన్ వేస్తున్నాం. అది కార్టిసాల్ తయారీని తగ్గిస్తుంది. కణితిని పోగొట్టదు, జబ్బుని అదుపులో ఉంచుతుందంతే. మోతాదు ఎక్కువైతే వాంతులు, నీరసం వస్తాయి. అప్పుడు మందు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్షలు.

రోజూ నీళ్ళు కొలిచి పోసి, రాత్రికి ఎంత మిగిలిందో రాసిపెడుతున్నాను. మొన్న మొదటిసారి అర గిన్నె మిగిలింది. చిట్టి అదే కార్పెట్ మీద, వగర్చకుండా నిద్రపోతోంది. ఆ రోజు కసిరిన సంగతి దానికి గుర్తుందో లేదో. నాకు మాత్రం ఉంది.