అటక మీది మందు సీసా వయసెంత?

విశాఖపట్నం వన్ టౌన్‌లో తరాలనాటి ఇల్లు సర్దేటప్పుడు అటక మీద ఇత్తడి గిన్నెలతో పాటు పాత మందు సీసాలూ బయటపడుతుంటాయి. పాత సామాన్ల బండికి వేస్తే గాజు బరువుకు వచ్చే చిల్లర తప్ప మరేమీ రాదు. వేసే ముందు ఒక పది నిమిషాలు సీసాను చదవండి. అందుకు కావలసినవి కొన్ని తేదీలు, రెండు మూడు కొలతలు, అంతే.

ముందు, ఇలాంటి సీసాల్లో అమ్మిన పేటెంటు మందు అంటే ఏమిటో చూద్దాం. డాక్టరు చీటీ లేకుండా, తయారుచేసినవారి సొంత పేరు మీద దుకాణంలో నేరుగా అమ్మిన మందును అలా అనేవారు. పేరుకే పేటెంటు, చాలావాటికి ఆ హక్కు ఉండేది కాదు. హక్కు కావాలంటే తయారీ గుట్టు బయటపెట్టాలి. అందుకు అమ్మేవాళ్ళు సిద్ధపడేవారు కాదు.

మనవాళ్ళ మందుల్లో ముందుగా చెప్పుకోవలసింది అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దీన్ని మొదలుపెట్టారు. తొలిరోజుల్లో సీసా వెల 10 అణాలు. రూపాయికి 16 అణాలు కాబట్టి ఇప్పటి లెక్కలో అరవై రెండున్నర పైసలు. చవకే కదా అనిపిస్తుంది. కానీ అప్పటి రూపాయి వెండి నాణెం. దాని బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆ లెక్కన 10 అణాల వంతుకు దాదాపు 6.7 గ్రాముల వెండి. ఇవాళ్టి వెండి ధరతో మీరే గుణించి చూడండి. అంత పెట్టి కొన్న సీసాను ఖాళీ అయ్యాక కూడా దాచుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఈ వ్యాపారంలో లాభం ఎంత ఉండేది? ఇంగ్లండు నుంచి ఒక లెక్క ఉంది. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1909లో పేరున్న మందుల్ని పరీక్ష చేయించి, వాటిలో ఏముందో పుస్తకంగా వేసింది. బీచమ్స్ మాత్రలు 56 ఉన్న పెట్టె వెల ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ, అంటే 54 ఫార్దింగులు. లోపలి ముసబ్బరం, శొంఠి, సబ్బు ఖర్చు అర ఫార్దింగు. 108 రూపాయల పెట్టెలో ఒక్క రూపాయి సరుకన్నమాట. పెట్టె, ప్రకటనలు, దుకాణదారు వాటా వేరే ఖర్చులే అయినా మిగులు తక్కువేమీ కాదు. అమృతాంజనం లెక్క ఇదేనని కాదు. మందు వ్యాపారంలో ప్రకటనలకు అంత డబ్బు ఎలా వచ్చేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గర ఆ ఆదాయంలో కొంత అక్షరాలకు వెళ్ళింది. పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. ఆడవాళ్ళ మందు 'లోధ్ర'తో పేరు తెచ్చుకున్న డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. కాబట్టి ఈ సీసాలకు తెలుగు పత్రికల చరిత్రలోనూ చోటుంది.

ఇక మీ సీసా వయసు. ముందు వెల చూడండి. అణాల్లో ఉంటే దాదాపు 1957కు ముందుది, ఎందుకంటే ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. 'నయా పైసలు' అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. తర్వాత చిరునామా. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబరు 1 తర్వాతిది. ఆరంకెల పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు.

లేబులు మీద 'మధుమేహం ఖాయంగా నయం' వంటి మాట ఉందా? అలాంటి ప్రకటనల్ని నిషేధిస్తూ 1954లో చట్టం వచ్చింది. అందులో 54 జబ్బుల జాబితా ఉంది. లేబులు, పైకాగితం కూడా ప్రకటన కిందికే వస్తాయి. అంతటి హామీ ఉన్న లేబులు ఆ చట్టానికి ముందుది కావచ్చు.

లేబులు ఊడిపోతే గాజును చూడండి. రెండు అచ్చు ముక్కలు కలిసిన చోట నిలువుగా అతుకు గీత ఉంటుంది. అది మూతి అంచు దాకా వెళితే యంత్రం పోసిన సీసా. అమెరికాలో ఓవెన్స్ యంత్రం 1903 ప్రాంతంలో వచ్చాకే ఆ పద్ధతి వ్యాపించింది. గీత మెడ దగ్గరే ఆగిపోతే మూతిని చేత్తో దిద్దారని అర్థం. మన దేశంలో చేతిపని ఎక్కువ కాలం సాగింది కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి.

పేరేమీ లేని సాదా సీసా అయితే కాంపౌండరు మందు కలిపి ఇచ్చినది కావచ్చు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల 1923 నాటివి. మాత్రల పట్టీలు ఇంతగా రాకముందు ఆసుపత్రుల్లో నీళ్ళమందే ఎక్కువ. ఒక ఔన్సు అంటే 28.4 మిల్లీలీటర్లు. 6 ఔన్సుల సీసాలో 170 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసున్నర పైచిలుకు. పూటకు అర ఔన్సు చొప్పున 12 మోతాదులు, రోజుకు మూడుసార్లు తాగితే నాలుగు రోజుల మందు. పక్కన గాజులో పోసిన గీతలు, అతికించిన కాగితపు పట్టీ ఉంటే అవి ఆ మోతాదుల గుర్తులే.

పేరు పాతదైతే సీసా కూడా పాతదేనా? కాదు. హైదరాబాదులో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ ఇప్పటికీ దొరుకుతుంది. అమృతాంజనమూ అంతే.

లోపల మందు మిగిలి ఉంటే? మూత తీయకండి, వాసన చూడకండి, మోరీలో పారబోయకండి. ఆ కాలపు క్లోరోడైన్ అనే మందులో నల్లమందు, గంజాయి, క్లోరోఫాం కలిసి ఉండేవి. ముదురు నీలం లేదా ఆకుపచ్చ రంగులో, ఒంటి మీద గరుకు గాట్లున్న సీసా విషానిది కావచ్చు. చీకట్లో చేత్తో తడిమినా తెలియాలని అలా చేసేవారు. పిల్లలకు అందకుండా పెట్టి, తెలిసిన ఫార్మసిస్టును అడగండి.

అమ్మితే ఎంత వస్తుందని అడుగుతారు. లేబులు, బిరడా, అట్టపెట్టె మూడూ మిగిలిన సీసాకే విలువ. విడి సీసాకు పెద్దగా రాదు. 100 ఏళ్ళు దాటినదైతే 1972 నాటి పురావస్తు చట్టం వర్తించవచ్చు. పురావస్తువును సొంతంగా విదేశాలకు పంపడం నేరం.

లేబులున్న సీసాను నీళ్ళలో నానబెట్టకండి. వన్ టౌన్ సముద్రపు గాలిలో కాగితం త్వరగా పాడవుతుంది, కాబట్టి పొడిచోట, ఎండ తగలకుండా ఉంచండి. ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఏ వీధిలో, ఎవరింట్లో దొరికిందో, ఏ జబ్బుకు వాడారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక చీటీ మీద రాసిపెట్టండి. సీసా ఇంకో వందేళ్ళు ఉంటుంది గానీ, ఆ సంగతి చెప్పగలిగేవాళ్ళు ఉండరు. అందుకే ముందు వాళ్ళను అడగండి.