రాజాబాయి గంటస్తంభము

కోనసీమవారికి గంట క్రొత్తది కాదు. గుడిగంట, చర్చిగంట, బడియరుగుమీద వ్రేలాడదీసిన యినుపపట్టా, వీని మ్రోతతోడనే మన దినము తెల్లవారి ప్రొద్దుగ్రుంకుచున్నది. అమలాపురమునకు వచ్చిన పల్లెవారు గడియారస్తంభముకడ కలిసికొందమని చెప్పుకొనుట నిత్యమును వినుచునే యున్నాము. కాని గంట ఎప్పుడు కొట్టవలెనను విషయమై ఒక మహానగరము తరములతరబడి తగవులాడెనన్న సంగతి మన విద్యార్థులలో పెక్కుమంది యెరుగరు. ఆ తగవు నడుమ నిలిచిన కట్టడము బొంబాయి విశ్వవిద్యాలయమునందలి రాజాబాయి గంటస్తంభము. బొంబాయికి నేడు ముంబయి యని పేరు. పూర్వకథ చెప్పునప్పుడు పూర్వనామమునే వాడుదుము. చదువరులు మన్నింతురు గాక.

మన దేశమున ఆధునిక విశ్వవిద్యాలయములలో మొదటివి మూడును 1857వ సంవత్సరముననే పుట్టినవి: కలకత్తా, బొంబాయి, మద్రాసు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలయువరకు మన జిల్లాలవారి పట్టములన్నియు మద్రాసు విశ్వవిద్యాలయమునుండి వచ్చినవే గనుక మన పెద్దలకు బొంబాయి విద్యాశాలలతో పరిచయము తక్కువ. అయినను పోవుట కష్టము కాదు. రాజమహేంద్రవరమున కోణార్కు ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు సికింద్రాబాదు మీదుగా పోయి, మరునాడు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసునందు దిగవచ్చును. అచ్చటినుండి కోటపేటలోని విశ్వవిద్యాలయమునకు కాలినడకనే పోవచ్చును. మేము అట్లే పోయితిమి. త్రోవ నడుగ నక్కరలేదు; కొంతదూరము నడచునప్పటికి స్తంభమే కానవచ్చును.

దీని యెత్తు 280 అడుగులు. మన తోటలలో బాగుగా నెదిగిన కొబ్బరిచెట్టు 70 అడుగు లనుకొన్నచో, నాలుగు చెట్ల నొకదానిపై నొకటి నిలిపినంత. తెలుగుదేశమున ఎత్తైన గంటగోపురములలో పేరుగన్న మెదకు చర్చిగోపురము 175 అడుగులు. దానికంటె నిది నూరడుగులకు పైగా హెచ్చు. క్రిందిభాగము చతురస్రముగానుండి, బండ్లు వచ్చి నిలుచుటకు తగిన కమానులతో గ్రంథాలయమునకు ముఖద్వారమైనది. పైకి పోయినకొలది అది అష్టకోణమై, సన్ననై, శిఖరముగా ముగియుచున్నది. పశ్చిమ హిందూదేశపు జాతులవారిని వారివారి వేషములతో చూపు రాతిబొమ్మలు దీనిపై 24 కలవు. క్రిందనుండి చూచువారికి అవి చిన్నవిగా నగపడును; దుర్భిణి తీసికొనిపోవుట మంచిది. గ్రంథాలయపు గవాక్షములందలి రంగుటద్దములు మధ్యాహ్నపు టెండలో మిక్కిలి రమ్యముగా నుండును.

ఈ కట్టడమునకు చిత్తుపటము గీసినవాడు సర్ జార్జి గిల్బర్టు స్కాట్ అను ఇంగ్లీషు శిల్పి. ఆయన హిందూదేశమున కెన్నడును రాలేదు. లండనులో గీసిన గీతలను చూచి బొంబాయి పనివారు రాతిలో చెక్కిరి. 1869 మార్చి 1వ తేదీన శంకుస్థాపన జరిగి 1878 నవంబరులో పని ముగిసినది. మా మట్టుకు మాకు, గీసినవానికంటె చెక్కినవారే యెక్కువ మెచ్చదగినవారుగా తోచిరి. ఆ నగరపు గృహనిర్మాణముల కొరకు నైజాము రాజ్యమునందలి తెలుగు ప్రాంతములనుండి కూలివారు పెక్కుమంది చాలకాలము క్రిందటనే వలసపోయిరి. వారిని కామాఠీ లనిరి. వారు నివసించిన పేటకు కామాఠీపుర మను పేరు నేటికిని నిలిచియున్నది.

ధనమిచ్చిన మహనీయుడు ప్రేమచంద్ రాయచంద్. ఈయన జైనమతస్థుడు, ప్రత్తివర్తకుడు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు అచ్చటి ప్రత్తి ఇంగ్లాండునకు పోవుట నిలిచిపోయి, బొంబాయి ప్రత్తికి ఎన్నడులేని ధర పలికెను. ఆ ధనప్రవాహములో ప్రేమచందు అగ్రగణ్యుడు. 1864లో ఆయన విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము కొరకు రెండులక్షలును, గంటస్తంభము కొరకు రెండులక్షలును ఇచ్చెను. తన తల్లి రాజాబాయి పేరు స్తంభమునకు పెట్టవలెనన్నదే ఆయన కోరిక. మరుసటి యేడు యుద్ధము ముగిసెను, ప్రత్తిధర కూలెను, బొంబాయిలో వర్తకులు వందలకొలది దివాలా తీసిరి. ప్రేమచందును వారిలో నొకడు. ఆయన ఐశ్వర్యము పోయిన నాలుగేండ్లకుగాని ఆయన దానముతో కట్టిన స్తంభమునకు పునాదిరాయి పడలేదు. తరువాత ఆయన మెల్లమెల్లగా కోలుకొని, బొంబాయి షేరుదళారుల సంఘమును స్థాపించినవారిలో నొకడయ్యెను. కలకత్తా విశ్వవిద్యాలయమున నేటికిని ప్రసిద్ధమైన ప్రేమచంద్ రాయచంద్ విద్యార్థివేతనము ఈయన దానమే.

స్తంభమును గూర్చి ఆ నగరమున ఒక కథ చెప్పుకొందురు. రాజాబాయమ్మగారికి కన్నులు కానరావట. జైనులు ప్రొద్దుగ్రుంకకమునుపే భోజనము ముగింపవలెను. కన్నులేని తల్లి వేళ యెంతైనదని ఒకరి నడుగనక్కరలేకుండ గంటయే చెప్పునట్లు కుమారుడు ఈ యేర్పాటు చేసెనట. కథ నిజమైనను కాకపోయినను గంటకు గల ప్రయోజనమును ఇంతకంటె బాగుగా చెప్పుట కష్టము. గడియారపు ముల్లు చూచువానికి మాత్రమే చెప్పును. గంట చూడలేనివానికిని, చదువనేరనివానికిని, పనిలోనుండి తల యెత్తలేనివానికిని చెప్పును.

అసలు మన గడియార మను మాటయే గడియనుండి వచ్చినది. పూర్వము అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై నుంచెడివారు. అది నిండి మునుగుటకు పట్టు కాలము ఒక గడియ, అనగా 24 నిమిషములు. గిన్నె మునిగినతోడనే కావలివాడు కంచుపళ్లెరమును కొట్టి ఊరికి తెలియజేయును. దినమునకు గడియలు 60, జాములు 8. ఈ లెక్కకు ఆధారము ఆయా యూరి సూర్యోదయమే. కావున ఏ యూరి కాలము ఆ యూరిదిగా నుండెను. దానివలన ఎవరికిని ఇబ్బంది లేకుండెను. నడచుచునో, బండిమీదనో, పడవమీదనో పోవు మనుష్యునికి పది నిమిషముల భేదము తెలియదు గదా.

రైలును తంతియు వచ్చిన పిమ్మట ఈ భేదము బయటపడినది. భూమి తన చుట్టు తాను 24 గంటలలో 360 భాగలు తిరుగును. కావున ఒక్కొక్క భాగకు 4 నిమిషములు. తూర్పుననున్న యూరికి మధ్యాహ్నము ముందు వచ్చును. పడమటిదానికి వెనుక వచ్చును. మద్రాసు రేఖాంశము ఇంచుమించు 80¼ భాగలు, బొంబాయిది 72¾కు మించి కొంచెము. ఈ రెంటికి నడుమ కాలభేదము అరగంట. ప్రతి స్టేషనుకును ఒక్కొక్క కాలమున్నచో రైలుబండ్లు నడచుట యెట్లు? మద్రాసులో 1792 నాటి నక్షత్రశాల యుండుటచేతను, ఆ నగరము తూర్పుపడమరల నడుమ నుండుటచేతను, రైళ్లవారు మద్రాసు కాలమును దేశమంతటికిని వాడసాగిరి.

1881లో బొంబాయి గవర్నరు సర్ జేమ్సు ఫెర్గుసన్ గారు తమ రాజధానియందును మద్రాసు కాలమునే పాటింపవలెనని ఉత్తరువు చేసిరి. నగరవాసులు ఒప్పలేదు. మా సూర్యుని మాకు విడిచి మద్రాసు సూర్యునితో మాకేమి పని యని వారి వాదము. అప్పటికి మూడేండ్ల వయసుగల రాజాబాయి గడియారము ఈ కలహమునకు కేంద్రమయ్యెను. నగరమంతటికిని కనబడునదియు, వినబడునదియు నదియే గదా. అది మద్రాసు కాలమును చూపినగాని రాత్రులందు దానికి దీపములు పెట్టుట కగు వ్యయము నియ్యమని ప్రభుత్వమువారు పట్టుపట్టిరి. విశ్వవిద్యాలయ సభవారు బొంబాయి కాలమునే కోరిరి. తుదకు 1883లో ప్రభుత్వమువారే వెనుకకు తగ్గిరి. దీపపు చమురుతో కాలమును కొనజూచుట పరిపాలకులకు తగిన పని కాదని మాకు తోచుచున్నది.

రెండవ కలహము దీనికంటె తీవ్రమైనది. 1906 జనవరి 1వ తేదీనుండి హిందూదేశమంతటికిని ఒకే కాలము నిర్ణయింపబడినది. గ్రీనిచ్చికి 5½ గంటలు ముందుండు ఈ కాలమునకు ఆధారము 82½ భాగల రేఖాంశము. దానివలన బొంబాయి గడియారములు 39 నిమిషములు, అనగా గడియన్నరకు పైగా, ముందునకు జరుగవలసివచ్చెను. ఆ నెలలోనే నూలుమిల్లుల పనివారు కొందరు పని మాని, రాళ్లు రువ్విరి. చదువుకొన్నవారు కొందరు దీనిని మూఢత్వమని నవ్విరి. కాని ఆలోచింపుడు: మిల్లు ఈల ఆరుగంటలకు కూసినను, నిన్నటి లెక్కకు అది అయిదుగంటల ఇరువదియొక్క నిమిషమే. చలికాలపు చీకటిలో బిడ్డలను విడిచి పోవలసిన తల్లికి గడియారములో ముల్లు జరిగినదని చెప్పి ఒప్పించుట సులభమా? నిదుర తగ్గినది పనివానికే గాని కాగితముపై సంతకము చేసినవానికి కాదు. వంగరాష్ట్రమును విభజించి అప్పటికి మూడు నెలలైనను కాలేదు. ప్రభుత్వము ఏమి చేసినను జనులు శంకించు దినములవి. బొంబాయి పురపాలక సంఘమువారు తమ గడియారములకు మరల బొంబాయి కాలమునే పెట్టించిరి. రైలు నొక కాలము, బజారున నొక కాలము! దేశము స్వతంత్రమైన పిమ్మటగాని ఆ నగరమున రెండుకాలముల వాడుక తుదముట్టలేదు.

మరి మన మాట యేమి? ఆ 82½ భాగల రేఖ మన గోదావరి మండలమునకు మిక్కిలి చేరువ. కాకినాడకు తూర్పుగా పోవుచు, తుని ప్రాంతమున భూమిని తాకుచున్నది. అమలాపురము 82వ రేఖాంశముపై నున్నది. కావున ప్రభుత్వకాలమునకును మన సూర్యకాలమునకును భేదము రెండే నిమిషములు, రాజోలున రెండున్నర. బొంబాయివారు రాళ్లు రువ్విన మార్పు మనకు తెలియనైన తెలియలేదు. మనవారు వారికంటె శాంతస్వభావులగుట దీనికి కారణము కాదు. మనలను ఆ రేఖ కనికరించినది, అంతియే. అస్సాము తేయాకుతోటలలో నేటికిని గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పి పనిచేయు వాడుక కలదు. వారిది మనకంటె ముందుగా తెల్లవారు దేశము.

ఇప్పుడు రాజాబాయి గడియారము దేశమంతటివలెనే ఒకే కాలమును చూపుచున్నది. ఆంగ్లేయుల దినములలో దాని గంటలు ఆంగ్ల రాజగీతము మొదలుగా పలుపాటలను వేళలవారీగా పలుకుచుండెను; అవి ఇప్పుడు లేవు. 2015లో స్తంభమును గ్రంథాలయమును బాగుచేయుట ముగిసినది. 2018లో చుట్టునున్న కట్టడములతో కూడ ఇది ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చబడినది. పైనుండి పడి మరణించిన విషాదములు జరిగియుండుటచేత శిఖరమున కెక్కుట చిరకాలముగా నిషేధింపబడియున్నది. లోపలికి పోగోరువారు విశ్వవిద్యాలయమువారి అనుమతి పొందవలెను. అది దొరకనివారు విచారింప నక్కరలేదు. పశ్చిమమున ఓవల్ మైదానమున నిలిచి సాయంకాలమున చూచినచో, పడమటి యెండ రాతిపై పడి స్తంభమంతయు బంగారువన్నెకు తిరుగును. మైదానమున బాలురు బంతియాట లాడుచుందురు. గంట మ్రోగినను తల యెత్తి చూచువారుండరు.

అంతదూరము పోలేని విద్యార్థులు ఈ విషయమును మన బడి యావరణముననే పరీక్షింపవచ్చును. అన్నవరము కొండమీది నీడగడియారమును చూచినవారికి ఈ పని సులభము. చదునైన చోట ఒక కఱ్ఱను నిలువుగా పాతి, పదకొండున్నర మొదలు పండ్రెండున్నర వరకు అయిదేసి నిమిషముల కొకసారి నీడకొనను గుర్తింపుడు. నీడ అన్నిటికంటె పొట్టిదైనప్పుడు మనకు నిజమైన మధ్యాహ్నము. ఏడాదిపొడుగున అది ఒకే నిమిషమున రాదు. భూమి సూర్యుని చుట్టు తిరుగు వేగము సమముగా లేకుండుటచేతను, భూమి యిరుసు వాలియుండుటచేతను, నవంబరు మొదటి దినములలో అమలాపురమున 11 గంటల 46 నిమిషములకే వచ్చును. ఫిబ్రవరి నడుమ 12 గంటల 16 నిమిషములకు గాని రాదు. దినము నేదైనను మీరు గుర్తించిన నిమిషమునకు 37 నిమిషములు కలుపుడు. అప్పుడు రాజాబాయి స్తంభముకడ నీడ పొట్టిదగును.