వీడియోగేములయందలి లోకనిర్మాణము

కావ్యలక్షణమును, నాట్యలక్షణమును, శిల్పలక్షణమును మన పూర్వులు సవిస్తరముగా విచారించియున్నారు. ఆటల లక్షణమును విచారించిన గ్రంథములు మాత్రము తెలుఁగున మిక్కిలి తక్కువ. ఆట కాలక్షేపమే కాని కళ కాదను తలంపు దీనికిఁ గారణము కావచ్చును. నేఁడు కంప్యూటరు తెఱమీఁదను, చేతిఫోనులోను ఆడఁబడుచున్న వీడియోగేములను బరిశీలించినచో నీ తలంపు నిలువదు. ఏలయన, ఆ యాటలలో నొక్కొక్కటి యొక్కొక్క లోకము. దానియందుఁ గొండలు, కోటలు, వీధులు, ద్వారములు, రహస్యమార్గములు గలవు. ఆటకాఁడు దానిలోఁ దిరిగి, వింతలు చూచి, త్రోవలు గుఱుతు పెట్టుకొని, మఱల మఱలఁ బోఁగోరును. ఆ లోకమును ఘట్టములుగా విభజించి, ఏది ముందు రావలెనో, ఏది వెనుక రావలెనో, ఏది కనఁబడవలెనో, ఏది దాఁగవలెనో నిర్ణయించు విద్యను ఆటకాండ్రు లెవెల్ డిజైను అందురు. లెవెలనఁగా ఆటలోని యొక మెట్టు. ఈ విద్య స్వరూపమును మనకుఁ బరిచితములైన యుదాహరణములతో వివరించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారమునకు హైదరాబాదు నడుమనున్న అమీరుపేట, పంజాగుట్టలను స్థానముగాఁ గైకొనుట యుక్తమని తోఁచుచున్నది. తెలుఁగుజిల్లాలనుండి కంప్యూటరువిద్యకై వచ్చు యువకులలోఁ బెక్కుమందికి అమీరుపేట మొదటి మజిలీ. మైత్రీవనము చుట్టును కోచింగు సెంటర్ల బోర్డులు ఒకదానిపై నొకటి వ్రేలాడుచుండును. వెనుకసందులలో హాస్టళ్లు క్రిక్కిఱిసియుండును. 2000 తరువాతి పదియేండ్లలో నగరమంతట ఇంటర్నెట్ సెంటర్లు విరివిగా నుండెను. గంటకింత యని రుసుము చెల్లించి, యువకులు వరుసగాఁ గూర్చుండి యొకరితో నొకరు పోరుచు ఆడెడివారు. నేఁ డాయాటలు చాలవఱకుఁ జేతిఫోనులోనికి వచ్చినవి. పగలు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొను యువకుఁడే రాత్రి యీ లోకములలోఁ దిరుగుచుండును. నిర్మించు నేర్పును, చూచెడి ప్రీతియు ఒక్కనియందే యున్నవి. ఆ రెంటిని గలుపఁదగిన వివేచన మాత్రము మన భాషలో నింకను బుట్టవలసియున్నది.

మొదట నా ప్రీతి యెట్టిదో విచారింతము. ఆటకాఁడు గెలుపుకొఱకే యాడునని యనేకులు తలంతురు. అది కొంతవఱకే నిజము. గెలిచిన తరువాతను ఆ లోకమును విడువక మూలమూలలు వెదకువారు గలరు. ఈ తహతహ మన సాహిత్యమునకుఁ గ్రొత్త కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుఁడు ఇల్లు కదలని గృహస్థుఁడయ్యు, దేశములు చూచివచ్చిన వారి మాటలు వినుటకుఁ జెవి కోసికొనును. సిద్ధుఁ డిచ్చిన పాదలేపముతోఁ దృటిలో హిమవత్పర్వతముఁ జేరును. చూచినంత చూచి, తిరిగిపోవఁ దలఁచునప్పటికి మంచునీటఁ దడిసి లేపము కరఁగిపోవును. ఆ ఘట్టమున కవి యేర్పఱిచిన మూఁ డంశములు క్రీడాలోకనిర్మాతకును ముఖ్యములే: దూరదేశమును జూపి యాస పుట్టించుట, శ్రమలేక చేరుటకుఁ బరికర మిచ్చుట, ఆ పరికరమునకు స్థలమే హద్దు గల్పించుట. లేపమును కరఁగించినది శత్రువు గాదు, ఆ కొండమీఁది మంచే. స్థలమే కథను నడపినది. లెవెల్ డిజైను సారమంతయు నీ యొక్కమాటలో నున్నది.

స్థలముచేఁ గథ నడపుట మన యింటియాటలలోను గలదు. వైకుంఠపాళియం దీ విద్య స్పష్టముగాఁ గానవచ్చును. దీనికే పరమపదసోపానపటమని పేరు. క్రిందనుండి పైకి గడులు, పుణ్యములకు నిచ్చెనలు, పాపములకుఁ బాములు, శిఖరమున వైకుంఠము. పైవరుసల చేరువనే పెద్దపాము కాచుకొనియుండుట గమనింపఁదగినది. క్రిందనున్న పాము మ్రింగినచో నష్టము స్వల్పము. పైనున్నది మ్రింగినచో నంతయుఁ బోవును. గమ్యము దగ్గఱపడిన కొలఁది భయము పెరుగునట్లు కూర్పరి తలఁచి కూర్చినాఁడు. అష్టాచెమ్మలో 25 గడుల పటముమీఁద కాయ వెలుపలివరుస నొకదిక్కుగాఁ దిరిగి, లోపలివరుస నెదురుదిక్కుగాఁ దిరిగి, నడిగడిఁ జేరును. ఎదిరికాయను జంపనిదే లోపలికిఁ బోరాదను నియమము కొన్ని యిండ్లఁ గలదు. తాళము వేసిన ద్వారమును, దానికిఁ దగిన చెవిని వెదకుటయు నేఁటి గేములలో నెట్టివో, ఆ నియమ మట్టిదే. పులిజూదమున 3 పులులు, 15 మేఁకలు, 23 స్థానములు. బలములు సమానములు కావు, పనులును సమానములు కావు: పులి దుమికి చంపును, మేఁక చుట్టుముట్టి బంధించును. అయినను గీఁతల కూర్పు రెండుపక్షములకును గెలుపు సాధ్యముగా నుంచుచున్నది.

ఇఁక నేఁటి క్రీడలకు వత్తము. 1985-వ సంవత్సరమున జపానుదేశపు నింటెండో సంస్థ సూపర్ మారియో బ్రదర్స్ అను నాటను వెలువరించెను. దాని ప్రధానశిల్పి షిగేరు మియమోటో. ఆ యాట మొదటిలెవెలు ఈ విద్యకుఁ బాఠ్యగ్రంథము వంటిది. మారియో తెఱ యెడమ ప్రక్కన నిలిచియుండును. కుడిప్రక్క ఖాళీగా నుండును. కుడికిఁ బోవలెనని యెవ్వరును జెప్ప నక్కఱలేదు. నాలుగడుగులు వేయఁగానే యొక చిన్నప్రాణి యెదురువచ్చును. దానిని దాఁటుట కెగురవలెను. ఎగురకున్నఁ జావు, కాని మొదటినుండి మొదలు పెట్టుట కొన్ని క్షణముల పనియే. పైనున్న ప్రశ్నార్థకపుఁ బెట్టెను దలతోఁ గొట్టినచోఁ బుట్టగొడుగు వెలువడి, కుడిగాఁ బోయి, గొట్టమును దాఁకి, వెనుకకుఁ దిరిగి యాటకానివైపే వచ్చును. దానినిఁ దప్పించుకొనుట కష్టము. అది తాఁకఁగనే మారియో పెద్దవాఁడగును. ఇది శత్రువు గాదు, మేలు చేయునది యని యాటకాఁడు తనంతటఁ దానే గ్రహించును. చివరిభాగమున ఎదురెదురు మెట్లు రెండు, వాని నడుమ గట్టినేల గలవు. పిమ్మట నట్టి మెట్లే మఱల వచ్చును గాని నడుమ గొయ్యి యుండును. మొదట నపాయములేని చోట నభ్యాసము, పిదప నపాయమున్న చోటఁ బరీక్ష. ఒక్క వాక్యమైనను లేక యింత బోధ జరుగుచున్నది.

ఇందుకు సరిగా నెదురైనది భారతమందలి మయసభ. అందు స్ఫటికపునేల నీరువలెను, నీరు నేలవలెను గానవచ్చెను. దుర్యోధనుఁడు నేలపైఁ దడఁబడెను, నీటఁ బడెను, నవ్వులపాలయ్యెను. మయుఁడు గొప్పశిల్పి యనుటలో సందియము లేదు. కాని యాసభ చూచువానికి నేర్పునది కాదు, వానిని మోసగించునది. వచ్చిన యతిథి తప్పు దెలిసికొని దిద్దుకొనుట కవకాశ మందు లేదు. ఆ యవమానము ఫలించిన తీరు మన మెఱిఁగినదే. లెవెలును గూర్చువాఁడు రెండు త్రోవలలో నొకటి యెన్నుకొనవలెను: మయునివలె భ్రమింపఁజేయుటయో, గురువువలె నెఱిఁగించుటయో. కఠినమైన యాటకును, అన్యాయమైన యాటకును భేద మిదియే. ఓడినవాఁడు తప్పు తనదని యొప్పుకొని మఱల యత్నించునేని యా లెవెలు కఠినము. తప్పు స్థలముదని రోసి లేచిపోవునేని యన్యాయము.

ఇంటర్నెట్ సెంటర్లలోఁ బేరొందిన యాటలలో కౌంటర్ స్ట్రైక్ ముఖ్యమైనది. ఇది 1998లో వెలువడిన హాఫ్ లైఫ్ అను నాటను మార్చి, మిన్ లీ, జెస్ క్లిఫ్ అనువారు 1999లోఁ గల్పించినది. దానిలోని రణరంగములను మ్యాపు లందురు. వానిలోఁ బ్రసిద్ధమైన డస్ట్ 2 అనుదానిని డేవ్ జాన్‌స్టన్ 2001లోఁ గూర్చెను. అతఁ డానాఁడు సంస్థోద్యోగి గాఁడు, ఆటపై మక్కువగల యువకుఁడు. ఇసుకరంగు గోడల నడుమ రెండు గమ్యస్థానములు. వానిఁ జేర నొక పొడవైన వీధి, ఒక నడిమిదారి, ఒక సొరంగము. ఒకపక్షము ముట్టడించునది, వేఱొకటి కాచునది. బయలుదేఱినచోటినుండి దూరము లెట్లు కొలువఁబడినవనఁగా, ఇరుపక్షములును ఇంచుమించుగా నొకేసమయమున సంధిస్థానములఁ గలిసికొనును. పులిజూదమునఁ జూచిన యసమానబలముల సామ్యమే యిక్కడను గలదు. అభిమన్యుఁడు పద్మవ్యూహమున జొచ్చుటయే యెఱుఁగును, వెలువడుట యెఱుఁగఁడు. వెనుకవచ్చువారిని సైంధవుఁ డడ్డెను. ప్రవేశ మొక్కటియై, దాని నొక్కఁడే యరికట్టఁగలిగినచోఁ బోరాటము వధగా మాఱును. మంచి మ్యాపున నొకదారి మూసికొనిపోయినను వేఱొకదారి యుండుటకుఁ గారణ మిదియే.

ఇటీవల దారులు ముందుగా నిర్ణయింపక, లోకమంతయుఁ దెఱచియుంచు నాటలు పెరిగినవి. 2017లో వెలువడిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అను నాట నిర్మాతలు తమ కొండలను ద్రిభుజాకృతిఁ గూర్చినట్లు చెప్పియున్నారు. త్రిభుజము దృష్టిని శిఖరమున కాకర్షించును. ఎక్కవలెనా, చుట్టిపోవలెనా యను కోరిక పుట్టించును. తన వెనుకనున్న వింతను మఱుగుపఱుచును. మన గోలకొండయం దీ కౌశలము రాతిలోఁ గలదు. ద్వారమునకు నెదురుగా నడ్డుగోడ నిలిపి యేనుఁగులు పరువెత్తివచ్చి తలుపుఁ గొట్టకుండఁ జేసినారు. ద్వారపు గుమ్మటము క్రిందఁ జప్పటులు కొట్టిన నా ధ్వని పైనున్న బాలాహిస్సారున వినవచ్చును. అమీరుపేటలోనే 2017 నవంబరున దెఱచిన మెట్రోస్టేషనును జూడుఁడు. రెండుమార్గము లొకదానిపై నొకటి యడ్డముగాఁ బోవును. పంజాగుట్టనుండి హైటెక్ సిటీకిఁ బోవువాఁడు ఇక్కడ దిగి, వేఱొక యంతస్తునకుఁ బోయి, బండి మాఱవలెను. ఎఱుపు, నీలము అను రెండురంగులే వానికి మార్గదర్శకములు. వ్రాఁతకంటె రంగు ముందు పనిచేయునను సూత్రము స్టేషనుకును గేముకును సమానము.

ఇట్టి ప్రీతివలన యువకులు చెడుచున్నారను నాక్షేపణ గలదు. ప్రవరుని చింతయు నదియే గదా: చూచుట సరి, ఇల్లు చేరుట యెట్లు? ప్రతిదినమును రాకున్న బహుమానము పోవునని భయపెట్టి, ఆటకాని నుచ్చున బిగించు గేములు గలవు. అవి పద్మవ్యూహములు. ఆ బిగింపు వర్తకుని యుపాయమే కాని లోకనిర్మాణకళ కాదు. ఈ రెంటికిఁ గల భేదమును దెలిసికొనఁగల్గుటయే ఆటకానికి రక్ష. ఆట నెఱుఁగక నిందించువారికంటె, దాని కూర్పును విప్పిచూడ నేర్చినవాఁడు బాగుగా వెలుపలికి రాఁగలఁడు.

వేఱొక భయము గలదు. ఈ లోకము లొక్కదినమున మాయమగును. పబ్జీ మొబైల్ అను నాటలోని ఎరాంగెల్ ఎనిమిది కిలోమీటర్ల చదరపుదీవి. నూర్గు రందు దిగి, అంతకంతకుఁ గుదించుకొనిపోవు వలయములోఁ బోరుదురు. 2020 సెప్టెంబరున నీ యాటను భారతప్రభుత్వము నిషేధించెను. ఆ యక్టోబరు కడపటికి మనదేశపు టాటకాండ్ర కా దీవి లేకపోయెను. 2021 జులైలో వేఱుపేర నా యాట వచ్చినప్పుడు గాని వారు దానిని మఱలఁ జూడలేదు. అమీరుపేటలో సత్యం థియేటరున్న చోట 2023లోఁ గ్రొత్త సినిమాశాల వెలసినది. పాతది పోయినను నేల యున్నది, దాని నెఱిఁగినవారి నోటఁ బేరును నిలుచును. క్రీడాలోకమునకు నేలయు లేదు. దానిలోఁ దిరిగినవాఁడు వ్రాసియుంచినచో మిగులును, లేకున్న లేదు.

కావున రెండుపనులు చేయఁదగియున్నవి. మొదటిది, వైకుంఠపాళి పటములు మొదలు నేఁటి మ్యాపులవఱకు మనవా రాడిన స్థలముల వర్ణనములను, వారు వానికిఁ బెట్టుకొన్న పేళ్లను సేకరించుట. రెండవది, ఈ కళకుఁ దెలుఁగున లక్షణము వ్రాయుట. 2017లో నమెరికాలో వెలువడిన అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ పడమటికనుమలను, హొయసల శిల్పములను దన లోకముగాఁ జేసికొనెను. పుణెలో నిర్మితమై 2020లో వెలువడిన రాజీ యను నాట మన పురాణములతోఁ దన లోకమును గల్పించుకొనెను. గోలకొండ గోడలును, రామప్ప మండపములును అట్లు ప్రవేశింపఁదగినవే. పరికరములు నడపు నేర్పు అమీరుపేటలో దొరకును. ఒక ద్వార మెచ్చట నుండవలెను, ఎందుకుండవలెను అని యోచించు నేర్పు మాత్రము చర్చవలనఁ గలుగవలెను. లక్షణము లేని కళ యన్యులు చెప్పినట్లు పనిచేయును; లక్షణ మెఱిఁగిన కళ తనలోకమును దానే కల్పించుకొనును. పండితులును, ఆటకాండ్రును గలిసి యీ విచారమును సాగింతురుగాక.