పుష్పకానికి పెట్రోలు

మా కారుకు పుష్పకమని పేరు పెట్టింది మా అమ్మ. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందట ఆ విమానంలో. మా బండిలోనూ అంతే. భేదమల్లా ఒక్కటే. కుబేరుడుగాని, రావణుడుగాని పెట్రోలు బంకు ముందు పర్సు తీసి నిలబడినట్లు ఏ పురాణమూ చెప్పదు.

నేను గుంటూరులో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పుకొనేవాణ్ణి. అమ్మ పెదనందిపాడు అవతల పల్లెలో మా తమ్ముని దగ్గర ఉంటుంది. నెలకొకసారి ఆమెను తీసికొనివచ్చి, కంటి డాక్టరుకు చూపించి, మళ్ళీ దిగబెట్టాలి. బస్సు కుదుపులకు ఆమె నడుము ఓర్వదు. రెండు రాకలు, రెండు పోకలు కలిసి 140 కిలోమీటర్లు. పుష్పకం లీటరుకు 14 నడుస్తుంది. అంటే 10 లీటర్లు. 2025 శ్రావణమాసంలో లీటరు 109 రూపాయల పైమాట. మందులకంటె అమ్మను మందుల దగ్గరకు చేర్చడానికే ఎక్కువైందని తేలేసరికి, "ఈ బండి అమ్మేయరాదూ?" అన్నది మా ఆవిడ. ఆమె ఆ మాట అనడం అది మూడవసారి.

ఆ రాత్రి కాగితం, కలం పట్టుకొని కూర్చున్నాను. అప్పటి ధరలో కేంద్రం ఎక్సైజు 21 రూపాయల 90 పైసలు. దానిని కూడా కలుపుకొన్న ధరమీద మన రాష్ట్రం వ్యాటు నూటికి 31. అంటే పన్నుమీద పన్ను! ఆపైన లీటరుకు మరొక 4 రూపాయలు. ఇది 2015లో వచ్చి, నడుమ తగ్గి, 2020 జూలైలో మళ్ళీ 4కే చేరింది. అది చాలదన్నట్లు అదే ఏడు సెప్టెంబరులో రోడ్ల సెస్సు ఒక రూపాయి. అన్నీ కూడితే లీటరుకు సుమారు 52 రూపాయలు పన్నులే. అమ్మను ఒకసారి డాక్టరుకు చూపించడానికి సర్కారుకు నేను చెల్లించేది 520 రూపాయలన్నమాట. డాక్టరుగారి ఫీజే నయం.

రోడ్ల పేరు చెప్పి పెట్రోలుమీద పన్ను వేయడం నిన్న మొన్నటి విద్య కాదు. 1927లో ఇంగ్లీషు ప్రభుత్వం జయకర్‌గారి అధ్యక్షతన ఒక సంఘం వేసింది. ఆ సంఘం సలహా మీదట 1929లో గాలనుకు 4 అణాలున్న సుంకం 6 అణాలైంది. హెచ్చిన 2 అణాలూ రోడ్ల నిధికే. 1939లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం పెట్రోలు అమ్మకంమీద వేరే పన్ను వేసింది. మన ప్రకాశం పంతులుగారు ఆ మంత్రివర్గంలోనే రెవెన్యూ మంత్రి. అప్పటినుంచీ పై ప్రభుత్వానికొక చేయి, ఇక్కడి ప్రభుత్వానికొక చేయి. జయకర్‌గారి కాలంలో హెచ్చినదంతా రోడ్లకే. 2025లోనో! 21.90లో రోడ్ల పేరున్నది 5 రూపాయలే. ఆ పేరులో కూడా 2018నుంచి ఇతర నిర్మాణాలు వచ్చి చేరినవి. మన రూపాయి సెస్సు సంగతి మరీ ముచ్చట. దాని రాబడి చూపించి రోడ్ల సంస్థ 2,000 కోట్లు అప్పు తెచ్చింది. నేను పోయించుకొనే పెట్రోలు వడ్డీ కూడా కడుతున్నదన్నమాట.

సరే, రోడ్డు ఎలా ఉన్నది? మాది నల్లరేగడి. పత్తికి, మిరపకు అది బంగారం. రోడ్డుకు అదే శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. అడుగున గట్టిగా వేయకపోతే పైన ఎంత తారు పోసినా నిలవదు. దిలీప మహారాజు పన్ను తీసికొనడం సూర్యుడు నీరు తీసికొని వేయింతలుగా కురిపించడం వంటిదని కాళిదాసు భావం. క్లాసులో చెప్పేటప్పుడు చక్కగానే ఉంటుంది. ప్రత్తిపాడు దాటిన తరువాత ఆ కురిసిన నీరంతా గుంటలలో నిలిచి నాకు ఎదురైంది. 2024 నవంబరునుంచి ప్రభుత్వం గుంతలు పూడ్పిస్తున్నమాట నిజమే. కాని పూడ్చినచోటుకు పక్కనే కొత్త గుంట. ఒకదానిలో పుష్పకం ధబ్బున పడింది. వెనుక సీటులో అమ్మ "రామా!" అన్నది. నేను అన్నమాట ఇక్కడ వ్రాయదగినది కాదు.

ఇంటి దగ్గర తమ్ముడు ట్రాక్టరులో డీజిలు పోస్తున్నాడు. నా లెక్కంతా వినిపించాను. "నీకేమి అన్నయ్యా, రోడ్డుమీద తిరుగుతావు గనుక రోడ్డు పన్ను కడతావు. నా ట్రాక్టరు పొద్దస్తమానం చేలో దున్నుతుంది. దానికీ లీటరుకు రూపాయి రోడ్డు సెస్సే కదా!" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "అయినా నీ జీతం ఎక్కడినుంచి వస్తుందనుకొన్నావు?" అని కూడా అన్నాడు. నాకు జవాబు తోచలేదు. అమ్మకు నెలనెలా వచ్చే పింఛను సంగతి వాడు ఎత్తలేదు. నాకే గుర్తుకు వచ్చింది.

అమ్మ అరుగుమీద కూర్చుని మందు వేసిన కళ్ళు మూసుకొనే అన్నది. "మా తాత రోజులలో ఈ ఊళ్ళ వాళ్ళు శిస్తు కట్టమన్నారుట గదరా!"

1922 మాట అది. పర్వతనేని వీరయ్యచౌదరిగారు శాంతిసేనను నిలబెడితే, పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టక, జప్తులకు జంకక నిలిచారు. గాంధీగారి మాటమీద ఫిబ్రవరిలో ఆపారు.

"అప్పుడు డబ్బు రైతు చేతిలో ఉండేదమ్మా. ఇవ్వనంటే సర్కారే గుమ్మంలోకి రావాలి. ఇప్పుడు గొట్టం టాంకులో పెట్టగానే పన్ను కట్టడం అయిపోయినట్లే" అన్నాను.

"అయితే వచ్చే నెల బస్సులో వస్తానులే, నాయనా."

"నడుము?"

అమ్మ మాట్లాడలేదు. చీకటి పడేలోగా గుంటూరు చేరాలని లేచాను. తాళం తిప్పేసరికి పెట్రోలు అడుగంటిందని ఎర్ర దీపం వెలిగింది. పెదనందిపాడులో బంకు ముందు ఆగి, అయిదు లీటర్లు పోయమన్నాను.