పురుగుమందు డబ్బా మీది రంగు గుర్తు చూశారా?

పత్తి, మిరప, వరి పండించే మన పల్లెల్లో పురుగుమందు లేని ఇల్లు అరుదు. మందు కొడుతూ పీల్చినవారిని, ఒంటిమీద పడినవారిని, తెలియక తాగిన పిల్లలను ఆసుపత్రికి తెస్తూనే ఉంటారు. వెంట వచ్చినవారిని మేము ముందుగా అడిగేది "ఏ మందు?" అని. "పత్తికి కొట్టేదేనండీ" అంటారు. ఆ జవాబుతో వైద్యం సాగదు. అసలు జవాబు డబ్బా మీద ఉంటుంది. దాన్ని అక్కడ తప్పనిసరిగా రాయించింది చట్టమే.

చట్టం ఎందుకు వచ్చింది?

1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ తరువాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం లైసెన్సు ఉన్నవారే మందు అమ్మాలి. విషలక్షణాలు, విరుగుడు, జాగ్రత్తలు తెలిపే కాగితం ప్రాంతీయ భాషలో కూడా డబ్బాతో పాటు ఇవ్వాలి.

చదువు రానివారి కోసం డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం. దాని పైన పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. పసుపు తీవ్ర విషం, నీలం ఒక మోస్తరు విషం, ఆకుపచ్చ తక్కువ విషం. ఆకుపచ్చ అయినా అది విషమేనని మరువకండి.

నిషేధాల వల్ల మేలేమిటి?

కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటలపై ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోట మీద చల్లినది వాగుల్లో, ఊళ్లలో కూడా పడింది. అక్కడి పిల్లల జబ్బుల గురించి దేశమంతా విన్నది. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా ఆపింది. 2018 ఉత్తర్వుతో మిథైల్ పారాథియాన్ వెంటనే, ఫోరేట్, డైక్లోర్వాస్ 2020 చివరికి నిషేధానికి వచ్చాయి.

అలవాటైన చవక మందు పోతే రైతుకు ఇబ్బందే. కాని శ్రీలంక అనుభవం చూడండి. అక్కడ 1995లో అత్యంత విషపూరితమైన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపారు. 2005 నాటికి ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. ఆ నిషేధాల వల్ల పంట దిగుబడి పడిపోయిన దాఖలా లేదు.

చట్టం చేయలేనిది

మందును నీళ్ల సీసాలో పోసుకుని ఇంటికి తెస్తే పేరు, రంగు, విరుగుడు అన్నీ దుకాణంలోనే మిగిలిపోతాయి. ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఊరికి దూరంగా పాతిపెట్టాలని నియమం. మన ఇళ్లలో వాటిని కడిగి వాడుకుంటున్నాము. 2013లో బీహార్‌లో బడిపిల్లలకు వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది చనిపోయారు. డబ్బా ఎంత కడిగినా విషం పోయిందని నమ్మకండి.

మీరు చేయవలసినవి

1. లైసెన్సు ఉన్న దుకాణంలో సీలు ఉన్న డబ్బానే కొనండి. బిల్లు అడగండి.
2. కూలీలతో కొట్టిస్తే రంగు గుర్తు వారికి చూపి చెప్పండి. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఇవ్వండి. ఎదురుగాలిలో కొట్టనివ్వకండి.
3. మందును పెట్టెలో పెట్టి తాళం వేయండి. వంటింట్లో, మంచం కింద ఉంచకండి.
4. ఒంటిమీద పడితే బట్టలు విప్పి, సబ్బుతో బాగా కడగండి.
5. ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం తాగించి వాంతి చేయించకండి. స్పృహ తప్పితే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.
6. డబ్బాను తప్పక వెంట తెండి.

ఆఖరి మాట ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని మందులకు ఆట్రోపిన్ ఇంజక్షన్ ప్రాణం నిలబెడుతుంది. పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడే లేదు. దానికి అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు మరింత కీడు. ఏది ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ఆ డబ్బా చూస్తేనే డాక్టరుగారికి త్వరగా తెలుస్తుంది. ఈ సంగతి మీ ఇంట్లోవారికి, పొలం పనికి వచ్చేవారికి ఈరోజే చెప్పండి.