ఐస్‌క్రీమ్ షాపులో ముందు ఫ్రీజరు, తర్వాతే రంగులు

ఇళ్ల మధ్య ఉండే ఐస్‌క్రీమ్ షాపు సాధారణంగా ఒక్క షట్టరు మడిగెలోనే నడుస్తుంది. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న గదిలో ఫ్రీజర్లు, కౌంటరు, గల్లా, నాలుగు కుర్చీలు, చేతులు కడుక్కునే చోటు అన్నీ ఇమడాలి. చాలామంది గోడల రంగుతో, బొమ్మలతో పని మొదలుపెడతారు. నిజానికి ఆ గది ఎలా ఉండాలో చెప్పేది ఐస్‌క్రీమే. అది కరగకుండా ఉండాలి, పిల్లల కంటికి ఆనాలి. ఈ రెండూ కుదిరాకే తక్కినవి.

నిల్వ ఉంచే డీప్ ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. అంత గట్టిపడిన ఐస్‌క్రీమ్ స్కూపుకు లొంగదు. అందుకని కౌంటరు దగ్గరి అద్దాల ఫ్రీజరును సుమారు మైనస్ 12 నుంచి మైనస్ 15 మధ్య నడుపుతారు. అంటే చిన్న షాపుకైనా రెండు ఫ్రీజర్లకు చోటు చూసుకోవాలి. చలువ పదేపదే హెచ్చుతగ్గులైతే ఐస్‌క్రీమ్‌లోని సన్నని మంచు పలుకులు కరిగి, మళ్లీ గడ్డకట్టేటప్పుడు పెద్దవవుతాయి. అప్పుడు అది నాలుకకు గరగరగా తగులుతుంది.

ఫ్రీజరు తన లోపలి వేడిని తోడి గదిలోకి వదులుతుంది. దాన్ని గోడకు ఆనించి పెడితే ఆ వేడి పోయే దారి ఉండదు. మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. వెనక, పక్కల నాలుగు నుంచి ఆరు అంగుళాల ఖాళీ వదలడం మేలు. ఏసీ ఎన్ని టన్నులుండాలో లెక్కవేసేటప్పుడు గది కొలతలతో పాటు ఫ్రీజర్లు వదిలే వేడినీ కలుపుకోవాలి. ప్రతి ఫ్రీజరుకూ విడి లైను, విడి ఎంసీబీ, స్టెబిలైజరు ఉండాలి. కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు ముందే నిర్ణయించుకుంటే, పూర్తయిన గోడలను మళ్లీ పగలగొట్టే పని ఉండదు.

ఊరి వాతావరణాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ చల్లని అద్దానికి చెమట పట్టి లోపలి ఐస్‌క్రీమ్ కనిపించదు, ఆ నీరే కారి నేల జారుతుంది. ఏసీ తేమను లాగేస్తుంది కాబట్టి అక్కడ దాని అవసరం ఎక్కువ. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే ఖమ్మం, రామగుండం వైపు తలుపు తెరిచిన ప్రతిసారీ వడగాలి లోపలికి వస్తుంది. తనంతట మూసుకునే తలుపు గానీ, గుమ్మం మీద ఎయిర్ కర్టెన్ గానీ ఉండాలి. పడమటి ముఖం షాపులో సాయంత్రపు ఎండ అద్దాల ఫ్రీజరు మీద పడకుండా బయట చూరు దించాలి.

కొనేవారు నడిచే దారి సూటిగా సాగాలి. గుమ్మం దాటగానే అద్దాల ఫ్రీజరు, ఆ తర్వాత గల్లా, అది దాటాక కుర్చీలు. ఎంచుకునేవారూ డబ్బు కట్టేవారూ ఒకరికొకరు అడ్డు రాకపోతే రద్దీ వేళ కూడా వరుస కదులుతూ ఉంటుంది. కౌంటరు వెనక మనిషి వంగి స్కూపు తీయడానికి మూడడుగుల చోటు కావాలి.

నాలుగైదేళ్ల పిల్లల ఎత్తు 100–110 సెంటీమీటర్లు. కౌంటరు చాలాచోట్ల అంతకన్నా ఎత్తు. అందుకని ముందరి అద్దం కిందికి దిగి ఉన్న ఫ్రీజరును ఎంచుకోవాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు, ఒకటికి పన్నెండు వాలు ఉన్న ర్యాంపు అవసరం. గుమ్మం ఆరంగుళాల ఎత్తుంటే ర్యాంపు ఆరడుగులు సాగాలి.

నేల మీద ఐస్‌క్రీమ్ ఒలకడం ఖాయం. నున్నని మెరుపు టైల్స్ వద్దు, జారని మ్యాట్ టైల్స్ వేయాలి. మరక పీల్చని ఎపాక్సీతో సందులు నింపి, నీరు నిలవకుండా నేలను జాలారి వైపు వాలుగా పరచాలి. స్కూపులు కడిగే కుళాయి, చేతులు కడుక్కునే సింకు వేర్వేరుగా ఉండాలి.

వెలుతురు రుచికి తోడవుతుంది. నీలి ఛాయ ఉన్న తెల్ల బల్బుల కింద మామిడి, కేసర్ పాలిపోయినట్టు కనిపిస్తాయి. వెచ్చని కాంతినిచ్చే ఎల్‌ఈడీలు వాటి అసలు రంగు చూపిస్తాయి, వేడి కూడా తక్కువ. గోడలకు లేత రంగులు వేస్తే చిన్న గది విశాలంగా అనిపిస్తుంది, చూపు ఐస్‌క్రీమ్ మీదే నిలుస్తుంది.

ధరల బోర్డు నిజాయితీగా ఉండాలి. మన ఆహార నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. పాల కొవ్వుకు బదులు మొక్కల నూనెలు వాడితే దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అనే అమ్మాలి. రెండూ అమ్మే షాపు వాటిని బోర్డు మీద విడివిడిగా రాయాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు కూడా కనబడేచోట ఉండాలి.

గది చిన్నదైతే బయటి చోటు అక్కరకొస్తుంది. ఏడో నిజాం కాలంలో, 1935లో కట్టిన హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్లో ఈ పద్ధతి చూడవచ్చు. ఫేమస్ వంటి పాత ఐస్‌క్రీమ్ షాపుల ముందు జనం ఆరుబయట కుర్చీల్లో కూర్చుని తింటారు. సొంత జాగా ఉన్న పేట షాపు కూడా ఫుట్‌పాత్‌ను ఆక్రమించకుండా నాలుగు బల్లలు, ఒక దీపం, మూత ఉన్న చెత్తబుట్ట అమర్చుకోవచ్చు.

ఖర్చుకూ ఇదే వరుస. మొదట కరెంటు లైన్లు, నీటి గొట్టాలు, జాలారి, తర్వాత ఫ్రీజర్లు, నేల, దీపాలు, చివరికి రంగులు, బొమ్మలు. గోడ రంగు నచ్చకపోతే ఒక్క రాత్రిలో మార్చుకోవచ్చు. నేల కింది గొట్టం మార్చాలంటే షాపు మూయాలి.