కామారెడ్డి రైలు స్టేషనునకు క్రొత్తరూపు



మన బీబీపేట ప్రాంతమువారికి రైలన్న కామారెడ్డియే. ఆ స్టేషనును క్రొత్తగా తీర్చుటకు 2023 ఆగష్టు 6వ తేదీన, అమృత్ భారత్ స్టేషను పథకము క్రింద, ప్రధానమంత్రి ఢిల్లీ నుండియే పునాదిరాయి వేసిరి. ఆ దినమున దేశములో 508 స్టేషనులకును, అందు తెలంగాణములో 21 స్టేషనులకును శంకుస్థాపన జరిగినది. కామారెడ్డి భాగమునకు సుమారు 40 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. ఈ ధనముచే మనకు సమకూరున దేమి, సమకూరని దేమి అనునదే నేటి ప్రసంగవిషయము.

సమకూరునవి: విశాలమైన ముఖద్వారము, విశ్రాంతిశాల, ప్లాట్‌ఫారములపై కప్పు, లిఫ్టులు, మరుగుదొడ్లు. వీనిలో లిఫ్టును కొందరు విలాసమందురు. నే నంగీకరింపను. మోకాళ్లు పట్టుకొనిపోయిన ముదుసలి ఎత్తైన వంతెన మెట్లెక్కలేక పట్టాలు దాటబోవును. అది చట్టవిరుద్ధము, అంతకంటె ప్రాణాంతకము. వానిని ఆ పట్టాలమీదికి దిగనీయని యంత్రము విలాస మెట్లగును?

సమకూరనిది రైళ్ల సంఖ్య. దీని కారణము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను. నిజాం కాలమున హైదరాబాదు నుండి మన్మాడు వరకు వేసిన ఈ మార్గము 1901 నాటికి పూర్తియైనది. పట్టాల నడుమ ఎడము ఒక్క మీటరే. బొంబాయి మార్గమున ఆ యెడము 5 అడుగుల 6 అంగుళములు. కావున సరకును మన్మాడులో ఒక బండి నుండి దింపి వేరొక బండి కెక్కింపవలసి వచ్చెడిది. ఈ శతాబ్ది తొలియేండ్లలో మనవైపు మార్గమును వెడల్పు చేయుటతో ఆ పీడ వదలినది. (పండితులు దీనికి ధూమశకటమని పేరు పెట్టిరి. ఇప్పుడా పొగయే లేదు, జనులు పలికిన రైలే నిలిచినది.)

వెడల్పైనను దారి ఒంటిదే. ఇరుకైన బండ్లబాటలో రెండెడ్లబండ్లు ఎదురైనచో ఒకటి ప్రక్కకు దిగి నిలువవలెను గదా! రైలునకు ఆ ప్రక్కదారి స్టేషనులోనే యుండును. ఎదుటిబండి వచ్చువరకు మనబండి అచ్చట కాచుకొనవలెను. ఎంత అందమైన భవనము కట్టినను ఈ నిరీక్షణము తగ్గదు. దీనికి మందు రెండవ దారి. ముద్ఖేడు, మేడ్చల్ నడుమ దానిని వేయుటకు కేంద్రమంత్రివర్గము అదే 2023 ఆగష్టులో సమ్మతించినది. నా దృష్టిలో పునాదిరాయికంటె ఇదియే పెద్దవార్త, కాని దానికి మేళతాళములు లేకపోయినవి.

మరియొకటి. 2025 ఆగష్టు 27న కురిసిన మహావర్షమునకు తలమడ్ల, భిక్కనూరుల నడుమ వరద మార్గమును ముంచి, కట్టను కోసివేసినది. రైళ్లు కొన్ని రద్దయినవి, కొన్ని దారి మళ్లినవి. స్టేషను చెక్కుచెదరలేదు, దానికి వచ్చు బండియే లేదు. రెండవ దారికి కట్ట పోయునప్పుడు తూములు ఎంత వెడల్పున ఉంచుదురో, ఏ చెరువుల అలుగునీరు వానిగుండా పోవలెనో ఆ యూళ్ల పెద్దలు ఇంజనీర్లకు ముందే చూపవలెను. ఆ నీటిదారులు వారికంటె మీకే బాగుగా తెలియును.